అరుగు మీద ఆరబెట్టిన సముద్రం

మా అరుణశ్రీ నోట పొద్దున్నే మొదట వచ్చే మాట "మేడం". పళ్లు తోముకుంటూ మొదలుపెడుతుంది. మేడం ఇలా అన్నారు, మేడం టీలో పంచదార వేసుకోరు, మేడం ఎంత ఎండలోనైనా గొడుగు పట్టుకోరు. నేను చేపల గంప నెత్తికెత్తుకుని వీధి మలుపు తిరిగేదాకా అదే భజన. కన్నదాన్ని నేను. జ్వరం వస్తే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నదాన్ని నేను. ఆవిడ మా పిల్లకు పరిచయమై రెండేళ్లు కూడా నిండలేదు.

ఆవిడ పేరు ప్రసూనాంబ. ఎచ్చెర్ల యూనివర్సిటీలో భూమి గురించీ రాళ్ల గురించీ పాఠం చెబుతారు. మా అరుణశ్రీ అక్కడే ఎమ్మెస్సీ ఆఖరి ఏడు. మేడం ఉండేది విజయనగరంలో, తల్లితో. తాతల నాటి నుంచి సంగీతం చెప్పుకునే ఇల్లట. రోజూ బస్సెక్కి వచ్చి పోతుంటారు. ఇవన్నీ నేను అడిగి తెలుసుకున్నవి కావు. అడక్కుండానే నా చెవిలో పోసినవి.

నేను ఏడో తరగతి దాకా చదివాను. పేపరు కూడబలుక్కోకుండా చదవగలను. చదివితే వచ్చేది భయమే. మా ఆయన గంగులు ఆగస్టులో గుజరాత్ వేరావల్‌కు చేపల వేటకు వెళ్లాడంటే మళ్లీ వేసవిలోనే ఇంటికి రావడం. అక్కడ బోటు సముద్రంలో సరిహద్దు గీత దాటితే పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోతారని విన్న దగ్గర్నుంచి ఫోను మోగి ఆగిపోయినా నా ఊపిరి ఆగిపోతుంది. యూనివర్సిటీ నుంచి వచ్చే ఆటో ఆలస్యమైతే లారీ కింద పడ్డట్టే లెక్క నాకు. ఏడాదిలో ఎక్కువ భాగం ఇంట్లో మేమిద్దరమే. నాకున్న తోడు ఆ పిల్ల. దానికున్న తోడు నేను కాదని మెల్లగా తెలిసొచ్చింది.

మేడం పాఠం చెప్పే తీరే వేరట. మూలకాల గురించి చెప్పాలంటే ముందు సరిగమలు పాడతారట. ఒకరోజు అన్నం తింటూ అరుణశ్రీ నాకూ చెప్పింది. పళ్లెం అంచున ఎండు మెత్తళ్ల చేపలు వరసగా పేర్చి, ఇది స, ఇది రి అంటూ నీ దాకా వెళ్లి, ఎనిమిదోది మళ్లీ స అంది. పైకి వెళ్లినా అదే స. మూలకాలను కూడా బరువును బట్టి వరసగా పెట్టుకుంటూ పోతే ఎనిమిదోది మొదటిదాని గుణంతోనే ఉంటుందని వెనకటికి లండన్‌లో ఒకాయన చెప్పాడట. సంగీతంలాగే అన్నాడట. సభలో అందరూ నవ్వారట.

నవ్వాక ఆయన ఏమయ్యాడని అడిగాను. ఏమైనా చేసుకున్నాడేమోనని నా అనుమానం.

"నువ్వొకత్తివి. ఏటీ సేసుకోలేదు. తరవాత పతకం ఇచ్చినారట," అంది నవ్వుతూ.

ఆ మూలకాల పటం ఒకటి తెచ్చి మా గోడకు, దేవుడి క్యాలెండరు పక్కనే అతికించింది. ఒక నిలువు వరసలో ఉన్నవన్నీ ఒక కుటుంబమట, గుణాలు కలుస్తాయట. అది వినగానే నా నోరు ఊరుకోలేదు.

"అయితే మనం ఏ వరసే? మీ మేడం ఏ వరస?"

"అది మనుసుల పటం కాదమ్మా," అని పళ్లెం తీసుకుని లేచిపోయింది.

స్వరాల సంగతి ఇంకోటి కూడా చెప్పింది. అసలున్నవి పన్నెండు చోట్లేనట, పేర్లు మాత్రం పదహారట. ఒకే చోటును ఒక రాగంలో రి అంటారు, ఇంకో రాగంలో గ అంటారు. పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి పేరు మారుతుందట. చదువుకున్నవాళ్లకు అది చిత్రంగా ఉంటుందేమో. నాకు బెంగ పట్టుకుంది. నా పక్కన కూర్చుని చేప ముల్లు తీసుకుంటున్నప్పుడు అది ఈ చిన్నతల్లి కూతురు, నా కూతురు. ఆవిడ పక్కన కూర్చున్నప్పుడు ఎవరు?

పరీక్షలతో పాటు ఒక ప్రాజెక్టు చేసి రాసివ్వాలట. మేడం గరివిడి దగ్గర మాంగనీసు కొండల మీద చెయ్యమన్నారు. రోజూ మా ఊరి నుంచి తిరగడం కుదరదు కాబట్టి రెండు నెలలు విజయనగరంలో తమ ఇంట్లోనే ఉండమన్నారు. తిండికీ పడకకూ ఆలోచించొద్దన్నారు. ఇది చెబుతున్నప్పుడు మా పిల్ల ముఖం చూడాలి, పెళ్లి కుదిరినట్టు వెలిగిపోయింది.

నేను వద్దన్నాను. కొండరాళ్లు జారతాయన్నాను, బస్సులన్నాను, పరాయి ఇల్లన్నాను. ఎన్ని చెప్పినా అసలు మాట వేరు. రెండు నెలలు ఆవిడ ఇంట్లో తిన్న పిల్ల మళ్లీ నా ఇంటి వాసన భరిస్తుందా అన్నది.

అప్పుడే మా తమ్ముడు లక్ష్ముడు ఊరవతల సరుగుడు తోటలో నుయ్యి తవ్విస్తున్నాడు. సముద్రానికి అంత దూరంలో, నడుం లోతు దాటగానే గవ్వలు వస్తున్నాయని చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చి అరుణశ్రీతో, గవ్వల మీద ప్రాజెక్టు ఉండదా అని అడిగాను. అది చెప్పుల్లో కాళ్లు పెట్టి తోటకు పరిగెత్తింది.

అలా ప్రాజెక్టును మా ఊరికి తెచ్చింది నేనే. మేడం కూడా ఒప్పుకున్నారు. ఒకప్పుడు సముద్రం అక్కడిదాకా ఉండేదని, ఆ గోడలో ఏ పొర ఎప్పటిదో చదవొచ్చని అన్నారట. కింద పొర పాతది, పైపొర కొత్తది. భూమి వయసును మొత్తం అలాగే వాటాలు వేశారట. సమానంగా కోసిన ముక్కలు కావు. ఏ జీవులు ఎక్కడ అంతమైపోయాయో చూసి అక్కడ గీత గీస్తారట.

"అయితే గీతంటే సావన్నమాట," అన్నాను.

"నువ్వు దేన్నైనా సావులోకే తెస్తావు. నువ్వు మాత్రం కాదేటి? ప్రతిదీ హుద్‌హుద్‌కి ముందు, హుద్‌హుద్ తరవాత అనే కదా సెప్తావు."

అదీ నిజమే. మా ఇంటి పైకప్పు లేచిపోయిన తుపాను అది. మూడేళ్లవుతున్నా నా లెక్క దాని నుంచే.

అరుణశ్రీ నూతిలోకి దిగి మట్టి తీసిన రోజుల్లో నేను ఒడ్డున కూర్చుని, దాని నడుముకు కట్టిన తాడు చివర నా చేతికి చుట్టుకున్నాను. ఇసుక గోడ, ఎప్పుడు కూలుతుందో తెలియదు. ఒకరోజు మేడం కూడా వచ్చారు. నీరుకావి చీర, కాళ్లకు బూట్లు. మా పిల్ల కింద నుంచి ఏదో పొర పేరు కేకేస్తే ఆవిడ పైనుంచి ఇంకో పేరు కేకేశారు. ఇద్దరూ నవ్వుకున్నారు. తాడు నా చేతిలో ఉంది. నవ్వు మాత్రం నాకు అందలేదు.

పని అయిపోయాక లక్ష్ముడు నూతిలోకి సిమెంటు ఒరలు దింపించేశాడు. ఇక గోడ కనబడదు. కనబడనక్కర్లేదు, ప్రతి పొరలోని మట్టీ మా ఇంటికి చేరింది. అరుణశ్రీ ఒక్కో పొర మట్టినీ విడిగా నీళ్లలో నానబెట్టి, జల్లెడ పట్టి, మిగిలిన గవ్వలనూ చిప్పలనూ ఒక్కో చేటలో పోసి అరుగు మీద వరసగా ఆరబెట్టింది. చేటలు చాలకపోతే పక్కింటి బుల్లమ్మవి కూడా అరువు తెచ్చింది. గుమ్మం పక్కనున్న చేట అన్నిటికన్నా లోతుది, అరుగు చివరది పైపొరది. ఆ వరస సంగతి నాకు చెప్పలేదు, చేటల మీద రాసిపెట్టనూ లేదు. చెప్పాల్సిన పనేముంది అనుకుని ఉంటుంది. ఆ వరస తన కళ్లకు కనబడుతున్నప్పుడు నాకూ కనబడుతుందనుకుంది.

మర్నాడు అది యూనివర్సిటీకి వెళ్లిన మధ్యాహ్నం, పడమటి దిక్కున మబ్బు నల్లగా లేచింది. వేసవి వాన మా దగ్గర ముందుగా గాలిని తోలుతుంది. నేను చేపలమ్మి అప్పుడే వచ్చాను. ఒక చేట గాలికి ఎగిరి వీధిలో పడింది. మిగతావి దొరికినవి దొరికినట్టు పెద్ద గంపలో బోర్లించుకుని, వీధిలోవి కూడా ఏరుకుని లోపలికి పరిగెత్తాను. ఆరబెట్టిన చేప మీద వాన పడితే మేము చేసేది అదే. ముందు ఎత్తెయ్యడం, లోపలికి తెచ్చాక రకం రకం వేరుచెయ్యడం. మెత్తళ్లు ఒక దగ్గర, కవళ్లు ఒక దగ్గర. అన్నీ ఒకేలా పాడవవు కాబట్టి కలిపి ఉంచకూడదు. మా అమ్మ నాకు నడక తరవాత నేర్పిన పని అదే.

వాన కురుస్తుంటే గుమ్మంలో కూర్చుని వేరుచేశాను. శంఖాల్లాంటివి ఒక చేటలో, రెండు రెక్కల చిప్పలు ఒక చేటలో, ముత్యపు చిప్ప ముక్కలు ఒకదాంట్లో, పీత గోళ్లు ఒకదాంట్లో. అందులో పెద్దవి కింద, చిన్నవి పైన. అంటిన మట్టి కడిగి తుడిచాను కూడా. బుల్లమ్మ తన చేటల కోసం వచ్చి చూసి, బజారులో అమ్మకానికి పెట్టినట్టున్నాయే అని మెచ్చుకుంది. నా మనసు పొంగింది. మేడం ఉన్నారు, పుస్తకాలున్నాయి, కానీ వాన వచ్చినప్పుడు ఎవరున్నారు? ఈ మాట అరుణశ్రీతో ఎలా అనాలో కూడా వేరుచేస్తూనే కూర్చుకున్నాను.

అది తడిసి వచ్చింది. తల తుడుచుకోకుండానే చేటల ముందు నిలబడింది. చూసింది. ఒక చిప్ప చేతిలోకి తీసుకుని తిప్పి, మళ్లీ పెట్టేసింది.

"ఏది ఏ సేటలోదమ్మా?"

"రకం రకం వేరుసేసినాను. సూడు, పీతగోరు ఒకటైనా వేరేదాంట్లో ఉన్నాదేమో."

"నాకు రకం అక్కర్లేదు. ఎంత లోతులోదో కావాల. ఈ సిప్ప పైపొరలోదా, అడుగుదా? రెండిట్లోనూ ఉన్నాయి. ఇప్పుడెలగ తెలుస్తాది?"

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఒకే రకం చిప్ప రెండు కాలాలది కావొచ్చు. పక్కపక్కనే బతికిన వేరు వేరు రకాలు ఒక కాలానివి. నేను కుటుంబాలను కలిపాననుకుని కాలాలను కలిపేశాను. చేపలో ఆ ఇబ్బంది లేదు. చేపంతా నిన్నటిదే.

అది ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్లి, చూరు కింద నిలబడి మేడంకి చేసింది. అప్పుడు ఏడ్చింది. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోయినప్పుడు నా దగ్గర ఏడ్చిన ఏడుపే, వెక్కుతూ, మాట మింగుతూ. నేను తలుపు ఇవతల ఉన్నాను. ఆ ఏడుపు ఫోనులో విజయనగరం వెళ్లిపోయింది.

పొద్దున్నే మొదటి బస్సుకు ఆవిడ వచ్చారు. వాన రాత్రంతా పడి తెరిపిచ్చింది. అరుగు మీద కూర్చుని చేటలన్నీ చూశారు. నన్ను ఏమంటారోనని నేను గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. ఒక మాటైనా అంటే పడదామని కాదు, తిరిగి అనడానికి నా దగ్గర నాలుగు సిద్ధంగా ఉన్నాయి.

"ఇంత శుభ్రంగా మా పిల్లలు కూడా వేరుచెయ్యరు, చిన్నతల్లిగారూ. మీ కష్టం ఊరికే పోదు, రకాలు చూపించడానికి క్లాసులో పనికొస్తాయి. కానీ దీని ప్రాజెక్టుకు మాత్రం పనికిరావండీ," అన్నారు.

నా నాలుగు మాటలూ అలాగే ఉండిపోయాయి. ఆ మెచ్చుకోలు నాకు ముష్టి వేసినట్టు అనిపించింది.

తరవాత ఇద్దరూ ఆలోచించారు. ఇప్పుడున్నవి రెండే దారులట. మేడం ఇంట్లో ఉండి, రోజంతా కష్టపడి గరివిడి పని గడువులోగా ముగించడం, లేకపోతే ఇక్కడే వెంటనే ఇంకో గొయ్యి తవ్వడం. రాసివ్వాల్సిన రోజు దగ్గరకొచ్చేసింది. ఈసారి ప్రాజెక్టు ఇవ్వకపోతే మా పిల్ల ఏడాది ఆగిపోవాలి. అరుణశ్రీ తల వంచుకునే అంది, ఇక్కడే చేస్తానని. మన ఊరి సముద్రం, మన ఊరి మట్టి, మనసు దీనిమీదే ఉందని. నేను వినీ విననట్టు పొయ్యి దగ్గరకు పోయాను. ముఖం దాచుకోవడానికి. నా పిల్ల ఆవిడ ముందు నా ఊరిని కోరుకుంది.

పరుగున లక్ష్ముడింటికి వెళ్లాను. నుయ్యి పక్కనే ఇంకో గొయ్యి తవ్వాలని బతిమాలాను. వాడు తల గోక్కున్నాడు.

"ఇసక తడిసిపోనాదప్పా. గోడ నిలవదు. వారం ఆగితే సూద్దాం."

"వారం ఆగితే పిల్ల ఎల్లిపోతాదిరా. నీ కాల్లు పట్టుకుంటాను."

నేనే అన్నాను ఆ మాట. ఇసుక కింద మనుషులు పోయిన కథలు ఊళ్లో ఏవి జరిగినా అందరికన్నా ముందు వినేదాన్ని, మరిచిపోనిదాన్ని నేనే. పలుగూ పారా వాడి భుజం మీద నేనే పెట్టించాను.

మధ్యాహ్నానికి గొయ్యి వాడి ఛాతీ దాటింది. పొరలు కనబడుతున్నాయి, పైన తెల్లది, తరవాత నల్ల ఇసుక చార, దాని కింద గవ్వలు మెరుస్తున్నాయి. అరుణశ్రీ ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుని వంగి చూస్తోంది. మేడం దాని పక్కన. నేను వాళ్ల ఎదుట, అవతలి ఒడ్డున. ఇంతలో పెద్ద చప్పుడేమీ లేకుండా ఒక పక్క గోడ జారింది. బస్తా విప్పి కుమ్మరించినట్టు వచ్చి లక్ష్ముడి నడుం దాకా కప్పేసింది. వాడు ఒక కాలు లాక్కుని, ఇంకో కాలు లాక్కుని పైకి పాకాడు. నవ్వుతున్నాడు గాని పెదవులు తెల్లబోయాయి.

మా పిల్ల అప్పటికే చున్నీ నడుముకు బిగించింది. జారిన పక్క కాకుండా ఇవతలి పక్క నుంచి దిగి, గవ్వల పొర వరకూ తీసుకుని వచ్చేస్తానంది. ఎంతోసేపు పట్టదంది.

నేను మేడం ముఖం చూశాను. ఆవిడ నోరు తెరుస్తున్నారు. ఆవిడ వద్దంటే ఇది ఆగుతుంది. ఆగి, జీవితమంతా మేడం ఆపారని చెప్పుకుంటుంది. ఆ ఒక్కటి ఆవిడకు ఇవ్వదల్చుకోలేదు.

"దిగకు," అన్నాను. "మేడంతో ఎల్లు. గరివిడి ఎల్లు."

"మావని బతిమాలి తవ్వించినది నువ్వే కదమ్మా."

"నానే. ఇప్పుడు పూడ్పించేది కూడా నానే. నడుంకి కట్టినది విప్పు."

అది మేడం వైపు చూసింది. ఆవిడ నా వైపు చూపించారు, మీ అమ్మ చెప్పింది విను అన్నట్టు. అదీ నాకు నచ్చలేదు. నా మాటకు ఆవిడ ఒప్పుదల ఎందుకు? కానీ పిల్ల చున్నీ విప్పింది.

మూడో రోజు బట్టల సంచితో విజయనగరం బయలుదేరాం. మేడం నన్ను కూడా రమ్మన్నారు, ఇల్లు చూసి వెళ్లమని. రమ్మనకపోయినా వెళ్లేదాన్ని. పెంకుటిల్లు, వెనక పెరడు, ముందు గదిలో మేడం తల్లి పిల్లలకు సంగీతం చెబుతున్నారు. పాట ఆపి ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. అరుణశ్రీకిచ్చిన గది చూశాను. తలుపు గడియ వేసి తీసి చూశాను. స్విచ్చి బోర్డు దగ్గర తడి ఉందేమో తడిమాను. పెరట్లో నూతికి గట్టు ఉందో లేదో చూశాను. గట్టు ఎత్తుగానే ఉంది, మీద ఇనుప జాలీ కూడా వేసి ఉంది. తప్పు పట్టడానికి ఏదైనా దొరికితే బాగుండునని వెతికాను. మంచం కిటికీకి మరీ దగ్గరగా ఉంది. గాలివాన వస్తే అద్దం పగిలి మీద పడదా అన్నాను. మేడం మంచం రెండో కొస పట్టుకున్నారు. ఇద్దరం కలిసి గోడ వైపు జరిపాం. ఆవిడ చేతులు నాజూకువనుకున్నాను. కావు. రాళ్లు మోసిన చేతులు.

భోజనం పెట్టారు. మజ్జిగపులుసు, వంకాయ కూర. అన్నీ బాగున్నాయి. బాగుండటం వల్లే నాకు ముద్ద దిగలేదు. చేప లేనిదే అది సరిగా తినదని, రెండు రోజులకే చిక్కిపోతుందని చెప్పాను. అది మాత్రం రెండోసారి కూర వేయించుకుంటోంది.

సాయంత్రం బస్సుల కాంప్లెక్సు దాకా అరుణశ్రీ నాతో వచ్చింది. శ్రీకాకుళం బస్సులో కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టింది. తల బయట పెట్టొద్దని నాకే జాగ్రత్తలు చెప్పింది. కొండ మీద ఎండకు తల తిరిగితే ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోవాలని, పాములుంటాయని, నీళ్లు కాచి తాగాలని నేను చెప్పాను. నాన్న ఫోను చేస్తే గొయ్యి సంగతి చెప్పొద్దంది. ఇద్దరికీ చెప్పాల్సినవి అయిపోయాయి. అది ఇంకా కిటికీ కింద నిలబడే ఉంది.

"ఇంక ఎల్లు. పొద్దు గుంకుతున్నాది. మీ మేడం ఎదురుసూస్తుంటారు," అన్నాను.

"సూడనీ," అంది. కిటికీ కడ్డీ మీదున్న నా చేతి మీద తన చెయ్యి వేసింది. "బస్సు కదిలినాకే ఎల్తాను."

డ్రైవరు టీ తాగడానికి వెళ్లాడు. తీరిగ్గా తాగి రమ్మని మనసులోనే అనుకున్నాను.